అప్పు తిరగరాసే విద్య

మార్చి ఆఖరు వారంలో నందివెలుగులో రెండు రోజుల అప్పులకు మహా గిరాకీ. పంట రుణం తిరగరాయించుకోవాలంటే ముందు పాత అసలు, వడ్డీ కౌంటర్లో పడాలి. మొక్కజొన్న చూస్తే ఇంకా చేలోనే ఉంటుంది. రైతు తెనాలి వెళ్లి తెలిసిన షావుకారు దగ్గర చేబదులు తెస్తాడు. పొద్దున్నే కడతాడు, చూపించిన చోటల్లా సంతకాలు పెడతాడు. సాయంత్రానికో మర్నాటికో కొత్త అప్పు ఖాతాలో పడుతుంది. దాన్ని అటు నుంచి అటే షావుకారుకు అప్పజెబుతాడు. ఆ డబ్బుతో చేలోకి ఒక్క బస్తా యూరియా రాలేదు. బ్యాంకు పుస్తకంలో మాత్రం ఒక వసూలు, ఒక కొత్త పంట రుణం. టార్గెట్లు రెండూ కొట్టేశారు!

రైతును తప్పు పట్టను. గడువులోగా కడితే మూడు లక్షల లోపు పంట రుణానికి ఏడు శాతం వడ్డీ నాలుగుకు దిగుతుంది. వదులుకోవడానికి వాడేమన్నా వెర్రివాడా?

ఇదే విద్యకు పెద్దల బజారులో ముద్దుపేర్లుండేవి: సీడీఆర్, ఎస్‌డీఆర్, ఎస్4ఏ అనే రుణ పునర్వ్యవస్థీకరణ పథకాలు. కట్టలేని కంపెనీకి వాయిదాలు సాగదీసి ఖాతాను 'స్టాండర్డ్' అనిపిస్తే చాలు, చేతికి రాని వడ్డీ కూడా ఆదాయంగానే రాసుకునేవారు. మొండి బాకీ అని ఒప్పుకున్నారో, రాసుకున్న ఆ వడ్డీని వెనక్కి తీయాలి, పైగా బాకీలో కనీసం 15 శాతం లాభంలోంచి పక్కన పెట్టాలి. నిజం ఇంత ఖరీదైతే ఎవరు మాత్రం పలుకుతారు?

2018 ఫిబ్రవరి 12న రిజర్వు బ్యాంకు ఈ ముద్దుపేర్లన్నీ రద్దు చేసింది. దాంతో పుస్తకాల అసలు రంగు బయటపడింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన మన ఆంధ్రా బ్యాంక్ 2016-17లో 174 కోట్ల లాభం చూపించింది. మరుసటి ఏడాది 3,412 కోట్ల నష్టం. ఆ ఏడాదే దొంగలు పడ్డారా? డబ్బు చాలావరకు అంతకుముందే పోయింది, పోయిందని రాయడానికి అప్పటిదాకా చెయ్యాడలేదు. 2018-19లో మరో 2,786 కోట్లు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిపేశారు, బోర్డు మారింది.

అప్పుల సంగతి అదీ. మరి బ్యాంకుల చేతిలోని బాండ్ల ధరలు పడితే? ఆ నష్టాన్ని నాలుగు త్రైమాసికాలకు పంచి రాసుకోవచ్చని 2018 ఏప్రిల్‌లో బ్యాంకులకు వెసులుబాటు దొరికింది. ధాన్యం ధర పడిన ఏడు ఆ నష్టాన్ని నాలుగు పంటలకు పంచుకోమని నందివెలుగు రైతుకు ఎవరైనా చెప్పారా?

ఇక అన్నిటికన్నా పెద్ద వినోదం. బాకీ మునిగేదాకా ఆగకుండా, రాబోయే నష్టాన్ని ముందే లెక్కగట్టే కొత్త లెక్కల ప్రమాణం, ఇండ్ ఏఎస్, బ్యాంకులకు 2018 ఏప్రిల్ నుంచి రావాలి. ఏడాది వాయిదా వేశారు. 2019 మార్చిలో, మళ్లీ చెప్పేదాకా అన్నారు. అప్పులనే కాదు, ప్రమాణాన్ని కూడా తిరగరాశారన్నమాట! ముందస్తు నష్టం లెక్క ఒక్కటీ 2027 ఏప్రిల్ నుంచి అమలు చేస్తామంటూ 2025 అక్టోబరులో ముసాయిదా వచ్చింది.

ఈలోగా పుస్తకం శుభ్రంగా కనబడడానికి రద్దు పద్దు (రైటాఫ్) ఉండనే ఉంది. 2014-15 నుంచి తొమ్మిదేళ్లలో బ్యాంకులు 14.56 లక్షల కోట్లు అలా తుడిచేశాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అందులో సగానికి పైగా పెద్ద పరిశ్రమలు, సేవా సంస్థలవే. రద్దంటే మాఫీ కాదు, వసూలు చేస్తూనే ఉంటామంటారు. ఆ తొమ్మిదేళ్లలో రద్దు బాకీల నుంచి వెనక్కి వచ్చింది 2.04 లక్షల కోట్లు.

పేపర్లో ఈసారి మీ బ్యాంకు రికార్డు లాభం చూసినప్పుడు, ఆ ఏడు ఎంత తుడిచారో కూడా అడగండి. డిపాజిట్ మీది.