జాతకాల డ్రాఫ్టు

అమెరికా బేస్‌బాల్ అభిమానికి పంచాంగంతో పనిలేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు బంతి విసిరే వేగం, బ్యాటు తిప్పే కోణం చెబితే చాలు, పదేళ్ల తర్వాత ఎన్ని హోమ్‌రన్లు కొడతాడో దశాంశాలతో సహా చెప్పేస్తాడు. ఈ జోస్యాల చరిత్ర చూస్తేనే నవ్వొస్తుంది. కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో 1966లో న్యూయార్క్ మెట్స్ జట్టు ఏరికోరి మొదటి ఎంపికగా స్టీవ్ చిల్‌కాట్‌ను తీసుకుంది. ఆయన మేజర్ లీగులో ఒక్క ఆటా ఆడలేదు. ఆ వెంటనే రెండో ఎంపికగా వేరే జట్టుకు పోయిన రెజీ జాక్సన్ 563 హోమ్‌రన్లు బాదాడు. 1988లో మైక్ పియాజా పేరు 62వ రౌండులో, 1390వదిగా పిలిచారు. అదీ ఆట చూసి కాదు, నాన్నగారి స్నేహితుడూ డాడ్జర్స్ జట్టు మేనేజరూ అయిన టామీ లసోర్డా మాటసాయం. (సిఫారసు మన సొత్తే అనుకున్నాం!) ఆ పియాజా 427 హోమ్‌రన్లు కొట్టి 2016లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎక్కాడు. అయినా అభిమాని తగ్గడు. పదిసార్లు బ్యాటు పట్టి ఏడుసార్లు అవుటైనవాణ్ణి మొనగాడనే ఆట కదా! తన జోస్యానికీ అదే పాస్ మార్కు పెట్టుకున్నాడు.