డయానా పక్కన నేను

నేను కంచు వేటకుక్కను. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, అట్లాంటిక్ తీరానికి దగ్గరగా, మర్రెల్స్ ఇన్లెట్ అనే ఊళ్లో బ్రూక్‌గ్రీన్ గార్డెన్స్ అనే శిల్పాల తోట ఉంది. అక్కడ ఒక కొలనులో రోమన్ల వేటదేవత డయానా గోళం మీద నిలబడి అప్పుడే బాణం వదిలింది. ఆమె కాళ్ల దగ్గర, బాణం పోయిన దిక్కుకు మూతి ఎత్తి ఎగురుతున్నది నేనే.

నన్ను మలిచిన తల్లి ఆనా హయత్ హంటింగ్టన్. ఆమె తండ్రి జంతుశాస్త్ర పండితుడు కావడంతో జంతువుల ఒడ్డూ పొడుగూ, ఎముకా కండా ఆమెకు చిన్ననాటి నుంచే పరిచయం. నేను మొదట బంకమట్టిని. ఆ తర్వాత ప్లాస్టర్ అచ్చునయ్యాను. చివరికి కరిగిన కంచులో పుట్టాను. ఆమె వేళ్లు మట్టి మీద ఎక్కడ నొక్కాయో అక్కడల్లా ఈనాటికీ నా డొక్కల మీద వెలుగూ నీడా ఆడుతుంటాయి. 1922లో నేషనల్ అకాడమీ ఆఫ్ డిజైన్ మా శిల్పానికి సాల్టస్ పతకం ఇచ్చింది. అదే అచ్చులో పోసిన నా తోబుట్టువులు వేరే చోట్లా ఉన్నారు.

మరుసటి ఏడాది మార్చి 10న ఆనా, ఆర్చర్ హంటింగ్టన్‌ల పెళ్లి జరిగింది. ఆ తేదీ ఇద్దరికీ పుట్టినరోజే. ఆర్చర్ రైలుమార్గాల మీద గడించిన పెద్ద ఆస్తికి వారసుడు, స్పానిష్ సాహిత్యంలో పండితుడు. కొన్నాళ్లకు ఆనాకు క్షయ సోకింది. చలికాలం కాస్త వెచ్చగా గడిచే చోటు కోసం వెతుకుతూ 1930లో ఈ భూమి కొన్నారు. బ్రూక్‌గ్రీన్, స్ప్రింగ్‌ఫీల్డ్, లారెల్ హిల్, ది ఓక్స్ అనే నాలుగు పాత ఎస్టేట్లు కలిపి 9,000 ఎకరాలు దాటింది. అంత నేలనూ తమకే ఉంచుకోకుండా, 1931లో శిల్పాలకూ మొక్కలకూ జంతువులకూ అంకితమైన సంస్థగా మార్చి, ఆ తర్వాత జనానికి తలుపులు తెరిచారు. ఆ దాతృత్వానికి నేను చేతులెత్తి మొక్కలేను కానీ, మనసారా గౌరవిస్తాను.

తోట నమూనా ఆనాదే. రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో బాటలు గీసింది. ఏ బాట పట్టినా పాత బంగళా ఉన్న చోటికే తిరిగి చేరతారు. వసంతంలో అజేలియా పొదలు ఆకు కనిపించనంతగా పూస్తాయి. చలిలో కెమీలియాలు విచ్చుకుంటాయి. ఒక పక్క తాటిజాతి చెట్ల తోట, ఇంకో పక్క 1700ల నాటి ఓక్ చెట్ల వరుస. ఆ కొమ్మల నుంచి బూడిదరంగు జడలు వేలాడుతుంటాయి. వాటిని స్పానిష్ నాచు అంటారు గానీ అది నాచు కాదు, అనాస కుటుంబపు మొక్క. చెట్టు రసం తాగదు, గాలి నుంచీ వాన నుంచీ తేమ తీసుకుని బతుకుతుంది.

నాకు మంచి ఇరుగుపొరుగు ఉంది. కార్ల్ మిల్లెస్ చేసిన కళాదేవతల ఫౌంటెన్ ఒకప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం భోజనశాలలో ఉండేది. పాల్ మాన్‌షిప్ సూర్యగడియారం కింద విధిదేవతలు మనిషి ఆయుష్షు దారం వడుకుతుంటారు. సముద్రపు ఉప్పుగాలి కంచుకు పడదు కనుక మమ్మల్ని కడిగి, ఆరబెట్టి, మైనం పూస్తారు. ఆ పూత లేకపోతే ఒళ్లంతా పచ్చగా కిలుం పడుతుంది.

ఇంతవరకూ అందం. ఇక ఈ నేల అసలు కథ చెప్పాలి.

ఈ ఎస్టేట్లు ఒకప్పుడు వరి ఎస్టేట్లు. పడమట వాకమా నది ఉంది. పోటు వేళ సముద్రం నదిలోని మంచినీటిని వెనక్కి నెడుతుంది. అప్పుడు తూము తలుపు ఎత్తితే మడి నిండేది. ఆటు వేళ తెరిస్తే నీరు దిగిపోయేది. అడవి చిత్తడిని నరికి, బురదలో దిగి, మైళ్ల కొద్దీ గట్లు పోసి, తూములు కట్టింది ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలూ, ఇక్కడే బానిసలుగా పుట్టిన వారి పిల్లలూ. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండించిన అనుభవం వారిలో చాలామందికి ఉండేది. వారి చెమటే కాదు, వారి విద్య కూడా యజమానుల పాలైంది. ఇక్కడి యజమాని జాషువా జాన్ వార్డ్ కింద వెయ్యిమందికి పైగా బానిసలుండేవారు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం పోయింది. కూలి ఇవ్వకుండా చేయించుకునే చేతులు లేకపోయేసరికి వరి వ్యాపారమూ క్షీణించింది, తుఫాన్లు మిగిలిన గట్లను తెంపాయి. ఆ శ్రామికుల వారసులే నేటి గల్లా గీచీ ప్రజలు. వారి భాష, పాట, గడ్డితో అల్లే బుట్టలు ఇంకా బతికే ఉన్నాయి.

ఒకసారి కోనసీమ నుంచి వచ్చిన పెద్దావిడ, మనవరాలితో కలిసి వరిమళ్ల వైపు వెళ్లివచ్చి నా కొలను పక్కన ఆగింది.

“ఆ బియ్యం చెరిగేది చూశావా అమ్మాయ్? మన చేటే. గుండ్రంగా అల్లారంతే.”

“వాళ్లకు కూలి ఇచ్చేవాళ్లు కాదంట అమ్మమ్మా.”

“అయితే ఇక్కడ పండిన ప్రతి గింజా వాళ్లకు బాకీయే.”

డయానా బాణం కన్నా సూటిగా తగిలిన మాట అది. గట్టు తెగితే ఊరంతా పరుగెత్తే నేల నుంచి వచ్చిన మనిషికి, గట్టు వేసినవాడి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

తోటవారు ఆ బాకీని దాచిపెట్టలేదు. పాత వరిమళ్ల అంచున లోకంట్రీ ట్రెయిల్ అనే కాలిబాట వేశారు. అక్కడ బాబెట్ బ్లాక్ అనే శిల్పి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన నాలుగు బొమ్మలున్నాయి: ఎస్టేటు యజమాని, మేస్త్రీ, బానిస పురుషుడు, బానిస స్త్రీ. నాకున్న పతకం వాటికి లేకపోవచ్చు. ఈ తోటలో అందరికన్నా ముందు చూడవలసింది మాత్రం వాటినే.

షార్లెట్, రాలీ వైపు నుంచి మర్టిల్ బీచ్‌కు వచ్చే తెలుగు కుటుంబాలు ఇక్కడికీ వస్తుంటాయి. మీకు నా విన్నపం ఒక్కటే. పూల దగ్గర ఫొటోలు దిగండి, నన్నూ చూసి పొండి. కానీ ముందుగా వరిమళ్ల బాట నడిచి రండి. పిల్లలకు ఆ గట్లు చూపించి, వాటిని ఎవరు పోశారో చెప్పండి.