చెప్పిన సంతకి వచ్చేవాడు

ఫోన్లు లేని రోజుల్లో నాడాలు కొట్టే సాయిబు ఏ సంతకి వస్తానంటే ఆ సంతకి వచ్చేవాడు. ఇప్పుడు ఫోనుంది, మోటారు సైకిలుంది, గుమ్మలక్ష్మీపురం దాకా తారు రోడ్డుంది. మనిషే రాడు. "రేపు పొద్దున్నే వచ్చేత్తాను బుగతా" అంటాడు. ఆ మాట నమ్మి గుర్రాన్ని మేతకి వదలకుండా కట్టేస్తాను. కాళ్లు కడిగి ఆరనిస్తాను. పట్టుకోడానికి పక్క గూడెం నుంచి ఒక కుర్రాణ్ని కూలికి పిలుస్తాను. మధ్యాహ్నం ఫోన్ చేస్తే కురుపాం దాటేశానంటాడు. సాయంత్రానికి ఫోన్ కట్టేసి ఉంటుంది. కుర్రాడికి కూలి ఇచ్చుకోవాలి, గుర్రానికి ఆ పూట ఎండుగడ్డే గతి, ఊడిన నాడా ఊడినట్టే ఉంటుంది.

ఇది నా ఒక్కడి గోడు కాదు. ఈ చుట్టుపట్ల గుర్రాలు పెంచేవాళ్లం కొద్దిమందిమే. కొండ మీద జీడి, అనాస, పసుపు పండిస్తే ఆటో ఎక్కలేని దారుల్లో వాటిని కిందికి దించుకోవాలి కదా, అందుకు పెంచుతాం. అనంతగిరి, జి.మాడుగుల వైపు వెళ్తే ఇంకా ఎక్కువమంది కనిపిస్తారు. అక్కడి గిరిజనులు రేషన్ బియ్యం పైకి, కాఫీ గింజలూ మిరియాలూ కిందికి గుర్రం మీదే చేరవేసుకుంటారు. జి.మాడుగుల మండలం సుర్లపాలెం బడికి ఒక మాస్టారు గుర్రమెక్కి వెళ్తున్నారని కొన్నేళ్ల కిందట పేపర్లలో వచ్చింది. అందరూ మాస్టార్ని మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిన మనిషే. నాకు మాత్రం ఆ గుర్రానికి గిట్టలెవరు చెక్కుతున్నారో అన్న బెంగ పట్టుకుంది.

మా నాన్న కాలంలో మాకు గుర్రం లేదు, రెండు ఎడ్లబండ్లుండేవి. ఇక్కడి చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అడ్డాకులు బండ్లకెత్తి పార్వతీపురం తోలేవాళ్లు. రాయపూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయ్యాక పార్వతీపురం స్టేషను దగ్గర సరుకుకి గిరాకీ పెరిగిందని మా నాన్న చెప్పేవాడు. రాత్రి కట్టిన బండి తెల్లారేదాకా నడిచేది. కంకర రోడ్డు, మధ్యలో గెడ్డలు, గెడ్డల్లో గుండ్రాళ్లు. నాడా లేని ఎద్దు ఆ దారిలో రెండు రాత్రులు నడిస్తే గిట్ట అరిగి నెత్తురు చిమ్ముతుంది. అలాంటి ఎద్దు మూడో రాత్రి కాడి కిందికి రాదు. కొట్టినా రాదు, కొట్టకూడదు కూడా.

అందుకని నాడాలు కొట్టే సాయిబంటే మా ఇంట్లో పురోహితుడంత గౌరవం. ఆయనది పార్వతీపురం. మిగతా రోజుల్లో అక్కడ జట్కా గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. సంత రోజుల్లో సంచీ భుజానేసుకుని కురుపాం, గుమ్మలక్ష్మీపురం తిరిగేవాడు. సంచీలో సుత్తి, పటకారు, ఆకురాయి, గిట్ట చెక్కే కత్తి, మేకుల డబ్బా, పేనిన తాడు. చింతచెట్టు కింద ఆయన కూర్చునే చోటు ఎవరూ ఆక్రమించేవాళ్లు కారు. వెల్లుల్లి అమ్ముకునేవాళ్లు కూడా ఆ జాగా వదిలి బుట్టలు పెట్టుకునేవాళ్లు.

ఎద్దుకి నాడాలు కొట్టడం చూడాల్సిన పని. ఎద్దుని నిలబెట్టి కొట్టరు. నడుముకీ కాళ్లకీ తాడు మెలేసి ఒక పద్ధతిలో లాగితే అంత పెద్ద జంతువూ మోకాళ్ల మీద కుంగి మెల్లగా పక్కకి ఒరుగుతుంది. ధబేలుమని పడకూడదు. పడితే కొమ్మైనా విరుగుతుంది, పక్కటెముకైనా విరుగుతుంది. ఒకడు తల మీద చెయ్యేసి అదిమి పడతాడు, నాలుగు కాళ్లూ కలిపి కట్టేస్తారు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండేసి, మొత్తం ఎనిమిది నాడాలు. గిట్ట గోడ గుర్రం గిట్ట గోడకన్నా పల్చన. మేకు సన్నగా ఉండాలి, చెయ్యి నిదానంగా ఉండాలి. ఆ నాడాలు మా ఊరి కమ్మరే పాత బండి చక్రాల పట్టాలు కోసి చేసిపెట్టేవాడు. సాయిబు వాటిని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి, నచ్చనిది పక్కన పడేసేవాడు. కమ్మరి మొహం మాడ్చుకునేవాడు గాని ఎదురు చెప్పేవాడు కాదు.

ఆయన దగ్గర పుస్తకం లేదు, రాతా లేదు. ఎవరి ఎద్దుకి ఎప్పుడు కొట్టాడో, ఏ కాలు వంకర పడుతుందో, ఏది పొడుస్తుందో అన్నీ నోటికి చెప్పేవాడు. "నీ ఎర్రెద్దుకి టైమయింది బుగతా, వచ్చే సంతకి తోలుకురా" అని మా నాన్నకి ఆయనే గుర్తుచేసేవాడు. మేం పిలవాల్సిన పని ఉండేది కాదు. గెడ్డ పొంగి బస్సు రాకపోతే కురుపాం నుంచి నడిచి వచ్చిన రోజులున్నాయి. ఒకసారి కూతురి పెళ్లి పడి రాలేనని తెలిసి, ముందు సంతలోనే ఇంటింటికీ చెప్పి వెళ్లాడు. డబ్బు సంతలోనే ఇచ్చేవాళ్లం. కోతలయ్యాక వడ్లు వేరే కొలిచేవాళ్లం.

ఆ సాయిబు పోయాక ఆయన కొడుకు కొన్నాళ్లు వచ్చాడు. అప్పటికే బండ్లకి రబ్బరు టైర్లు వచ్చాయి, తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, పార్వతీపురంలో జట్కాలు పోయి రిక్షాలు, రిక్షాలు పోయి ఆటోలు వచ్చాయి. కొడుకు పని మానేశాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. మానేస్తున్నానని మొహం మీద చెప్పి మానేశాడు.

ఇప్పుడు వచ్చేవాళ్లు వేరు. విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకు తిప్పే గుర్రాలు, పెళ్లి ఊరేగింపుల తెల్ల గుర్రాలు వాళ్లకి అసలు బేరం. అక్కడ ఒకేచోట నాలుగైదు గుర్రాలు దొరుకుతాయి, డబ్బు అప్పటికప్పుడు చేతిలో పడుతుంది. కొండ మీది మా ఒంటి గుర్రాల కోసం పెట్రోలు తగలేసుకుని రావడం గిట్టుబాటు కాదు. ఆ లెక్క నాకూ అర్థమవుతుంది. నల్లగుర్రం నాడా ఇంటి గుమ్మానికి కొట్టుకుంటే శని పోతుందని కొనేవాళ్లున్నారు. కాలికి కొట్టిన నాడా కన్నా, కాలి నుంచి ఊడదీసిన నాడాకి ఎక్కువ ధర పలికే కాలమిది. నా గుర్రం నల్లది కాదు కాబట్టి ఆ ఆశతోనూ ఎవరూ రారు.

రాకపోవడం ఒక బాధ. వచ్చి పాడుచేయడం ఇంకో బాధ. గుర్రం గిట్ట నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాడా ఊడదీసి, పెరిగిన గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాలి. అదునుకి చెక్కకపోతే గిట్ట ముందుకి సాగిపోయి మడమ కుంగుతుంది, ఆ భారమంతా వెనక నరాల మీద పడుతుంది. నాడా లేని గుర్రానికైనా చెక్కుడు తప్పదు. మట్టి దారుల్లోనే తిరిగే కొండ తట్టువలకి నాడా అక్కర్లేదు, వానాకాలం జారుడు బాటల్లో నాడా లేకపోవడమే మంచిది కూడా. కానీ ఇప్పుడు సగం దారి మట్టి, సగం దారి సిమెంటూ తారూ. బరువేసుకుని రోజూ ఆ రోడ్డు మీద నడిచే గుర్రానికి నాడా లేకుండా కుదరదు.

మేకు సంగతి చెప్తాను, ఎందుకంటే దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుర్రపు నాడా మేకు కొసన ఒకవైపు ఏటవాలుగా చెక్కుడుంటుంది. ఆ చెక్కుడు లోపలివైపుకి పెట్టి కొడితే మేకు బయటికి వంగి, గిట్ట గోడలోంచి పైకి వస్తుంది. దాని మొన తుంచి మడిచేస్తారు. తిరగేసి కొడితే లోపలికి, జీవంలోకి దిగుతుంది. పాత సాయిబు సుత్తి చప్పుడు విని పోల్చుకునేవాడు. గట్టి గిట్టలో దిగే మేకు గణగణమంటుంది, జీవంలోకి పోయే మేకు చప్పుడు మొద్దుగా మారుతుంది. చప్పుడు మారితే చెయ్యి ఆపి మేకు వెనక్కి లాగేసేవాడు. పోయిన వానాకాలం నా గుర్రానికి నాడాలు కొట్టినవాడు చెవిలో ఫోన్ పెట్టుకుని మాట్లాడుతూ కొట్టాడు. మర్నాటికి గుర్రం మూడు కాళ్ల మీద నిలబడింది. గిట్ట పట్టుకుంటే కాలిపోతోంది. పశువుల డాక్టరుగారు వచ్చి మేకులు తీయించి, గిట్ట అడుగున కోస్తే నల్లటి చీము కారింది. ధనుర్వాతం అన్ని పశువుల్లోకీ గుర్రానికే తొందరగా పడుతుంది, అందుకు ఇంజక్షనిచ్చారు. ఉప్పు కలిపిన వేడినీళ్ల బకెట్లో కాలు పెట్టించి పూటపూటా కాపడం పెట్టాం. అదెంత నొప్పి పడిందో కూడా చెప్పుకోలేని జీవం. అనాసకాయ చెట్టునే కుళ్లింది, అదొక నష్టం. దాన్ని అలా చూడటం ముందు ఆ నష్టం ఏపాటిది?

ఫోన్ చేసి చెప్తే ఆ మనిషి "అలా అవుతుంటాయి బుగతా" అన్నాడు. మళ్లీ పిలవలేదు. పిలవడానికి ఇంకొకడు లేడని మాత్రం తెలుసు.

నాడాలు కొట్టేవాళ్ల కరువు ఈ దేశానికి కొత్త కాదు. 13వ శతాబ్దం చివర్లో దక్షిణ తీరం చూసి వెళ్లిన మార్కో పోలో ఒక ముచ్చట రాశాడు. అరబ్బు ఓడల్లో వేలకొద్దీ గుర్రాలు ఇక్కడి రాజులకి దిగుమతి అయ్యేవట. గిట్టలు చూసేవాళ్లు, గుర్రాల వైద్యం తెలిసినవాళ్లు ఇక్కడ లేక అవి ఏడాది తిరక్కుండా చాలావరకు చచ్చిపోయేవట. అమ్మే వర్తకులు అలాంటి పనివాళ్లని తాము తేకపోగా, వచ్చేవాళ్లని కూడా రానిచ్చేవాళ్లు కారట. గుర్రాలు బతికితే మళ్లీ కొనేదెవరు? అది దుర్మార్గం. ఇప్పటిది దుర్మార్గం కాదు, ఎవరికీ పట్టకపోవడం. గుర్రానికి రెండూ ఒకటే.

2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలూ తట్టువలూ 6.25 లక్షలు. 2019 నాటికి 3.4 లక్షలే మిగిలాయి. ఏడేళ్లలో దాదాపు సగం పోయాయి. గుర్రాలు తగ్గితే పనివాళ్లు తగ్గుతారు, పనివాళ్లు లేరని ఉన్నవాళ్లూ గుర్రాల్ని అమ్ముకుంటారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు చేర్చారు. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, పూలదండలు కట్టేవాడు ఉన్నాడు. అందరూ ఉండాల్సినవాళ్లే. నాడాలు కొట్టేవాడు ఆ జాబితాలో లేడు. మలక్‌పేట రేసు కోర్సు గుర్రాలకి మాత్రం ఈ పనిలో ఆరితేరినవాళ్లుంటారు. పరుగు పందెం గుర్రం కుంటితే లక్షలు పోతాయి. రేషన్ బియ్యం మోసే గుర్రం కుంటితే ఒక గూడెం పస్తుంటుంది. ఈ రెండో లెక్క ఎవరూ వెయ్యరు.

2022లో మన్యం జిల్లా వచ్చింది, కలెక్టరు ఆఫీసు పార్వతీపురంలోనే ఉంది. ఐటీడీఏ అక్కడే ఉంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అదేమంత దూరం కాదు. ఈ కొండల్లో చేతిపని తెలిసిన సవర, జాతాపు కుర్రాళ్లకి కొదవ లేదు. కొడవలి కక్కు పెట్టమంటే కళ్లు మూసుకుని పెడతారు, పశువుని దగ్గరికి తీసుకోవడం చిన్నప్పట్నుంచీ తెలుసు. అలాంటివాళ్లు ఇద్దరిని ఎంచి, ఆరు నెలలు నేర్పించి, సామాన్లిచ్చి పంపమని అడుగుతున్నాను. మలక్‌పేటలో నేర్పిస్తారో, మీరట్‌లో సైన్యం గుర్రాల దగ్గర నేర్పిస్తారో అది అధికారుల ఇష్టం. ఊరికే గిట్టలు చెక్కడం, మేకు సరిగ్గా కొట్టడం, కాలు వేడెక్కితే వెంటనే డాక్టరుకి చెప్పడం, ఈ మూడూ వస్తే చాలు.

అంతవరకు, వచ్చేవాళ్లని నేను ఒక్కటే అడుగుతాను. రాలేనంటే రాలేనని చెప్పండి. నేను తిట్టను. గుర్రాన్ని మేతకి వదులుకుంటాను, కుర్రాడు వేరే కూలికి పోతాడు. వస్తానని చెప్పి రాకపోవడమే నాకు మింగుడుపడదు. మీకు గిట్టుబాటు కాదన్నది నిజమే, దానికీ దారి ఆలోచించాం. దుడ్డుఖల్లు నుంచి, ఎల్విన్‌పేట నుంచి, పై గూడేల నుంచి గుర్రాలున్నవాళ్లందరం మాట్లాడుకున్నాం. రెండు నెలలకోసారి సంత రోజున గుర్రాలన్నీ ఒకేచోట కడతాం. నీడ ఉంటుంది, నీళ్లుంటాయి, పట్టుకోడానికి మనుషులుంటారు, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. రాకపోకల పెట్రోలు ఖర్చు అందరం పంచుకుంటాం. విశాఖలో గుర్రానికి ఎంత తీసుకుంటున్నారో ఇక్కడా అంతే తీసుకోండి. ఏ సంతో మీరే చెప్పండి.