గుడారంలో గృహప్రవేశం

మిన్నెసోటాలో ఇల్లు కొనుక్కుని, నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ, కింద ఫర్నేసు గుర్రుమంటుంటే పైన ముసుగుతన్ని పడుకునే నాబోటి గృహస్థులారా! మన జాతికి ఘోర విపత్తు వచ్చిపడింది. దాని పేరు హాట్ టెంటింగ్. వెచ్చని ఇల్లు వదిలి మంచులోకి పోయి, కాన్వాస్ గుడారం వేసి, అందులో కట్టెల పొయ్యి పెట్టి, మళ్ళీ వెచ్చబడడమన్నమాట. ఈ రాష్ట్రంలోనే టవర్ అనే ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారన్‌హీట్, అంటే మైనస్ 51 సెల్సియస్ నమోదైంది. భయపడతాడని ఆ సంగతి చెబితే మా పుత్రరత్నం కళ్ళు మెరిశాయి. "పోనీలెండి, వాడి సరదా" అంది మా ఆవిడ. సరదా వాడిది, కార్డు నాది.

నైలాన్ గుడారం పనికిరాదట, నిప్పురవ్వ పడితే కరిగి చిల్లు పడుతుంది. మందపాటి నూలు కాన్వాసయితే మనం వదిలిన ఊపిరి నీళ్ళై మన నెత్తినే కారకుండా బయటికి పోనిస్తుంది. బాగానే ఉంది. కానీ కొత్తదాన్ని ముందు తడిపి ఆరబెట్టాలి, అప్పుడే దారాలు ఉబ్బి కుట్ల సందులు పూడతాయి. వాడాక తడితో మడిస్తే బూజు పడుతుంది. కనక ఆ మహావస్త్రం మా గ్యారేజీలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేలాడుతోంది, కార్లు రెండూ బయట మంచు మోస్తున్నాయి. గుడారం మాత్రం సుఖంగా ఉంది.

ఇక పొయ్యి. దానికో గొట్టం, గొట్టం చివర రవ్వలు ఆపే జల్లెడ, గొట్టం దూరడానికి గుడారంలో వేడికి కాలని గుడ్డతో కుట్టిన కన్నం, అడుగున నిప్పంటని చాప. కొత్త పొయ్యిని ముందు ఆరుబయట మండించి పూత కంపు వదిలించాలి. ఇంట్లో కట్టెలున్నాయి కదా అంటే, యాష్ చెట్లను తొలిచే పురుగు వాటితోపాటు ఊళ్ళు తిరుగుతుందట. అక్కడి కట్టె అక్కడే కొనాలి. రంగూ వాసనా లేకుండా ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం తప్పనిసరి. దాని దగ్గర నేను బేరమాడలేదు. పైగా గాలాడ్డానికి ఎప్పుడూ కాస్త సందు వదలాలి. డబ్బు పోసి పుట్టించిన వేడికి దగ్గరుండి వీడ్కోలు పలకాలి.

పడకైనా సులువా? స్లీపింగ్ బ్యాగు మీద సున్నా అని ఉంది. అది ఫారన్‌హీట్ సున్నా, మనకు మైనస్ 18. అదైనా హాయికి హామీ కాదు. అంతర్జాతీయ ప్రమాణంలో సుఖం, కనిష్ఠం, విపరీతం అని మూడు మెట్లున్నాయి. మూడో మెట్టు దగ్గర ప్రాణం నిలిస్తే గొప్ప. మడత మంచం కొంటే కింద చల్లగాలి ఆడి వీపు గడ్డకడుతుంది, కాబట్టి దానిమీద పరుపు. పరుపుకి ఆర్-వాల్యూ అనే యోగ్యతాపత్రం, చలికాలానికి 5కు తగ్గకూడదు. నా పెళ్ళికి కూడా ఇన్ని చూడలేదు.

ఇంతకీ, ఇలా పొయ్యితో వెచ్చబడే శంకువు గుడారానికి 1856లో పేటెంటు పొందిన హెన్రీ సిబ్లీ అనే సైనికాధికారి, గుడారానికి 5 డాలర్ల చొప్పున అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం చేరేసరికి ఆ రాబడి కాస్తా ఆగిపోయింది. కనిపెట్టినవాడికే కలిసిరాలేదు, కొన్నవాడికేం కలిసొస్తుంది?

అసలు రాజ్యాంగ సంక్షోభం అర్ధరాత్రి మొదలవుతుంది. చిన్న పొయ్యి నిండా కట్టెలు కూరినా రెండు మూడు గంటల్లో చల్లారుతుంది. పుత్రరత్నం ముక్కు దాకా జిప్పు లాక్కుని యోగనిద్రలో ఉంటాడు. "ఏవండీ, పొయ్యి ఆరినట్టుంది" అంటుంది మా ఆవిడ కళ్ళు తెరవకుండానే. అది సమాచారం కాదు, శాసనం. లేచి నిలబడితే వేడంతా పైకి చేరి తల రెంటచింతలలో, పాదాలు మిన్నెసోటాలో. ఇంట్లో థర్మోస్టాట్ ఒక్క అంకె పెంచితే ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ణి, అక్కడ గొంతుక్కూర్చుని బూడిద ఊదుతుంటాను. నోట్లో బూడిద, నోట మాట లేదు.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లినీ, పిల్లి పాలకు ఆవునూ, ఆవును చూసుకోడానికి పెళ్ళాన్నీ తెచ్చుకున్న సన్యాసి కథ మీకూ తెలుసు. ఆయన చివరికి సంసారయ్యాడు. నేను ముందే సంసారిని, ఇంతకంటే దిగజారడానికి మెట్టు లేదు. పొయ్యి వేడి అన్ని మూలలకూ పంచడానికో ఫ్యాను కావాలంటున్నారు.

చలిలో, ఫ్యాను.