గడియారంగారి శిష్యులు

మా కాలనీ జిమ్‌లో కొత్త కోచ్ దిగాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. ఇంకా ట్రైనింగులోనే ఉన్నాడు గానీ, టీషర్టు వీపు మీద ‘కోచ్’ అని ముందే అచ్చయిపోయింది. ఫీజు కట్టేదాకా నన్ను ‘సార్’ అన్నాడు. రసీదు చేతికొచ్చాక ‘అంకుల్’నయ్యాను.

మొదటిరోజే నా మణికట్టుకు వాచీ కట్టి, ట్రెడ్‌మిల్ ఎక్కించి, తను ఫోను చూస్తూ నిలబడ్డాడు. నాకు 54 ఏళ్ళు. 220లోంచి వయసు తీసేస్తే 166, అదే నా గుండె గరిష్ఠ వేగమట. అందులో 70 శాతం, అంటే గుండె నిమిషానికి 116 దాటి కొట్టుకోవాలట. అది 98 దగ్గరే మొరాయించింది. “హార్ట్‌రేట్ రావట్లేదంకుల్, స్పీడు పెంచుతున్నా!” నాకు మాటా రావట్లేదు, హార్ట్‌రేటూ రావట్లేదు. అతనికి రెండోదే దిగులు.

నేను బీపీకి వేసుకునేది బీటా బ్లాకర్ మాత్ర. గుండె వేగాన్ని తగ్గించడమే దాని పని. “ఏం మందులు వాడుతున్నారు?” అని అడిగితే చెప్పేవాణ్ణే. ఆ ప్రశ్న అతని ఫోను యాప్‌లో లేదు, కాబట్టి అతని నోటా లేదు. పైగా ఆ 220 లెక్క ఉత్త సగటు. మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ కావడం మామూలే.

అతని మిగతా వేదమంత్రాలూ ఈ బాపతువే. పదివేల అడుగులంటాడా, అది 1965లో ఓ జపాన్ కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరు: ‘మాన్పోకెయ్’. కొట్టువాడు పెట్టిన పేరు శాస్త్రమై కూర్చుంది. బీఎంఐకి మూలం 19వ శతాబ్దంలో బెల్జియంవాడు కెట్లె జనం సగటు కోసం వేసిన లెక్క. ఆయన ఖగోళ శాస్త్రవేత్త కూడా. అందుకే కాబోలు, మావాడు దాన్ని జాతకంలా చదువుతాడు.

పక్కనే ఒకావిడ గుంజీలు తీస్తోంది, అదే, స్క్వాట్స్. లేచిన ప్రతిసారీ మోకాళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయి. “సూపర్ మేడమ్, పదిహేను!” అని ట్యాబులో టిక్కు పెట్టాడు. బద్ధకం కాదండోయ్, భయం. మనిషిని ఆపి, సరిదిద్ది, మళ్ళీ చేయించడం అతనికెవరూ నేర్పలేదు. వీడియోలు చూపించారు, ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు, సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. తెర ముందు పులి, మనిషి ముందు పిల్లి.

ఇక సీనియర్ కోచ్‌గారికి యాప్‌లంటేనే మంట. “నొప్పి పుడితేనే కండ” అంటాడు. ఆయనా నా ముఖం చూడలేదు.

ఏ పనైనా చేయగలనన్న ధైర్యం ఎక్కువగా చేసి గెలిచిన అనుభవంతోనే వస్తుందని మనస్తత్వవేత్త బండూరా 1977లోనే చెప్పాడు. కోచ్‌లను తయారుచేసే అయ్యలారా, వాచీలు తర్వాత పంచండి. ముందు ఆ కుర్రాణ్ణి, పెద్దవాళ్ళ పర్యవేక్షణలో, మనుషుల మధ్య నిలబెట్టండి. నడిచేవాడు మాట్లాడగలుగుతున్నాడో లేదో చూడమనండి. మాట ఆగితే స్పీడు తగ్గించాలని చెప్పండి. బీపీ మాత్ర సంగతి నేనే చెబుతాను, అడిగితే.