ఛాయిస్‌లో వదిలేసిన ఆరో ప్రశ్న

మా రోజుల్లో పరీక్షల్లో ఒక సదుపాయం ఉండేది. ఆరు ప్రశ్నలిచ్చి ఏవైనా నాలుగు రాయమనేవాళ్లు. రాని ప్రశ్నల గురించి ఇంటికొచ్చి "అది ఛాయిస్‌లో వదిలేశా" అని దర్జాగా చెప్పుకునేవాళ్లం. చేతకాలేదన్న మాట ఎక్కడా వినపడదు, మనమే దయతలచి దాన్ని పక్కన పెట్టినట్టు ఉంటుంది. ఈ సదుపాయాన్ని ప్రభుత్వ స్థాయికి తీసుకెళ్లిన ఘనత అమెరికాది.

అక్కడ ఆటిజం పరిశోధనకు ఒక ప్రశ్నపత్రం ఉంది. హాస్యానికి అనడం లేదు, నిజంగా ప్రశ్నలే. ఆటిజంతో సంబంధమున్న ఫెడరల్ శాఖలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే సమన్వయ సంఘం 2009లో తన మొదటి పరిశోధన ప్రణాళికను ఆరు ప్రశ్నలుగా రాసుకుంది. ఎప్పుడు అనుమానించాలి? లోపల ఏం జరుగుతోంది? ఎందుకొచ్చింది? ఏ చికిత్స పనిచేస్తుంది? సేవల కోసం ఎవరి గడప తొక్కాలి? ఆరోది, ముందు ముందు ఏమిటి? తర్వాత ఏడోది చేర్చారు గానీ అది పరిశోధకుల సరంజామా గురించి, దాన్ని వదిలేద్దాం.

ఆ ఆరో ప్రశ్నను మన ఇళ్లలో ఏ సంఘమూ రాయక్కర్లేదు. ఆటిజం ఉన్న బిడ్డ తల్లిని పలకరించి చూడండి, నాలుగో మాటగా అదే వస్తుంది: "మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?"

ఇక జవాబుపత్రం చూద్దాం. 2018లో ప్రభుత్వమూ ప్రైవేటు సంస్థలూ కలిసి ఆటిజం పరిశోధనకు పెట్టిన డబ్బులో నలభై శాతానికి పైగా రెండో ప్రశ్నకే, అంటే కణాలూ జన్యువులూ మెదడూ ఎలా పనిచేస్తాయన్నదానికే పోయింది. ఆరో ప్రశ్నకు దక్కింది మూడు శాతం దగ్గర. రెండో ప్రశ్నకు అడిషనల్ షీట్లు అడిగి తీసుకుని దారం కట్టి మరీ ఇచ్చారన్నమాట. ఆరో ప్రశ్నకు మార్జిన్‌లో నంబరు వేసి కింద ఒక గీత గీశారు.

జీవశాస్త్రం దండగని నేననను. మెదడు గురించి తెలుసుకోవాల్సిందే. కానీ ఆ పరిశోధనలో గణనీయమైన భాగం ఎలుకల మీద జరుగుతుంది. జన్యువు మార్చి ఒక ఎలుకను తయారుచేస్తారు. అది పక్క ఎలుకతో కలవడం లేదని, ఒకే పని పదేపదే చేస్తోందని గడియారం పెట్టి రాసుకుంటారు. ప్రయోగశాల ఎలుక ఆయుష్షు రెండేళ్లు, మహా అయితే మూడు. కాబట్టి జీవితాంతం వెంట ఉండి చూడటం సులువు. మనిషితోనే చిక్కు, వాడు డెబ్బై ఏళ్లు బతుకుతాడు. గ్రాంటు ఐదేళ్లకే అయిపోతుంది.

ఈ పరిశోధనకు డబ్బిచ్చే చట్టం సంగతీ అంతే. 2006లో బుష్ సంతకం పెట్టినప్పుడు దాని పేరే 'ఆటిజంపై పోరాట చట్టం'. శత్రువు మీదికి వెళ్తున్నట్టు బాకా ఊది బయల్దేరారు. ఆ శత్రువు తన ఇంట్లోనే కూర్చుని ఇడ్లీ తింటున్నాడన్న సంగతి ఏ తల్లికైనా తెలుసు. 2014లో ఎవరికో సిగ్గేసి పేరు మార్చారు. అక్షరాలు కూర్చి 'కేర్స్' అని వచ్చేలా చేశారు, అంటే పట్టించుకుంటుందని. 2019లో పునరుద్ధరించినప్పుడు అందులో ఒక బంగారం లాంటి మాట చేర్చారు: 'జీవితకాలమంతా'. ఆటిజం పిల్లల జబ్బు కాదు, మనిషితోపాటు పెరిగి ముసలిదయ్యేదని అమెరికా కాంగ్రెస్ సాక్షిగా ఒప్పుకున్నారు. 2024 డిసెంబరులో బైడెన్ మళ్లీ సంతకం పెట్టాడు, ఐదేళ్లకు దాదాపు 200 కోట్ల డాలర్లు. ఐదేళ్లకోసారి కాలం చెల్లి, బతికించమని సభ్యుల కాళ్లావేళ్లా పడే చట్టం పరాయివాడి జీవితకాలానికి హామీ ఇవ్వడం, లాడ్జిలో దిగినవాడు గృహప్రవేశానికి పిలిచినట్టుంది.

లెక్కల విషయంలోనూ మనిషి పెరగకుండా జాగ్రత్తపడ్డారు. 2000లో 150 మందికి ఒకరు, 2022లో 31 మందికి ఒకరు అని మీరు పేపర్లో చదివిన లెక్క ఎనిమిదేళ్ల పిల్లలది. 2000లో ఆ లెక్కకెక్కిన పిల్లలు 1992లో పుట్టినవాళ్లు. ఇవాళ వాళ్లు ముప్పై దాటి, బట్టతలలూ బొజ్జలూ వచ్చే వయసులో ఎక్కడో ఉంటారు. లెక్కాయన మాత్రం రెండేళ్లకోసారి తిరిగి మూడో తరగతి గుమ్మం దగ్గరికే వెళ్లి నిలబడతాడు. పెద్దవాళ్లు ఎందరని అడిగితే 2020లో ఒక అంచనా చెప్పారు: 54 లక్షలు. అదైనా పెద్దవాళ్లను చూసి లెక్కపెట్టింది కాదు, పిల్లల లెక్కను పట్టుకుని గుణించింది. మొక్కలు లెక్కపెట్టి మామిడికాయల ధర చెప్పారు.

ఇదంతా పాత పద్ధతి, మర్యాదగా నిర్లక్ష్యం చేసే పద్ధతి. 2025లో కొత్త పద్ధతి వచ్చింది. ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెన్నెడీ ఏప్రిల్‌లో ముహూర్తం పెట్టేశాడు: ఆటిజానికి కారణమేమిటో సెప్టెంబరు కల్లా తేల్చేస్తాం. 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పటినుంచీ ఎనభై ఏళ్లుగా తేలనిది, వర్జ్యం దాటాక ఐదు నెలల్లో తేలిపోతుందట. మన సిద్ధాంతిగారు నయం, తిథి చూసుకుని గానీ ముహూర్తం చెప్పరు. అదే నెలలో ఆ మంత్రి ఆటిజం ఉన్న పిల్లల జాతకమూ చెప్పాడు: వీళ్లు పన్ను కట్టరు, ఉద్యోగం చెయ్యరు, బేస్‌బాల్ ఆడరు, కవిత రాయరు. నలుగురూ తిట్టాక, తీవ్రంగా ఉన్నవాళ్ల గురించే అన్నానని సర్దుకున్నాడు. కవిత రాయకపోవడం కూడా వైకల్యమేనని అప్పుడే తెలిసింది. మా అపార్ట్‌మెంటులో కొందరికి ఆ వైకల్యం ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

సెప్టెంబరు రానే వచ్చింది. 22న శ్వేతసౌధంలో అధ్యక్షుడు ట్రంప్ ఆటిజానికి ముడిపెడుతూ ఒక మందు రసాయనం పేరు పలకడానికి కాసేపు పెనుగులాడి, చివరికి బ్రాండు పేరుతో గట్టెక్కాడు. టైలెనాల్. మన క్రోసిన్, డోలోలలో ఉండే పారాసిటమాలే. గర్భిణులు అది వేసుకోవద్దు, ఓర్చుకోండి అన్నాడు. క్యూబాలో ఆ మందు కొనే స్తోమత లేదట, అందుకని అక్కడ ఆటిజమే లేదట, అలా ఒక వదంతి ఉందట. వదంతి అని తనే చెప్పి మరీ చెప్పాడు. మా ఊళ్లో బీపీ మిషను వచ్చేదాకా ఎవరికీ బీపీ లేనట్టే. స్వీడన్‌లో పుట్టిన దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనం తోబుట్టువులను తోబుట్టువులతో పోల్చి చూసింది. తల్లి ఆ మందు వేసుకున్న కాన్పుకీ వేసుకోని కాన్పుకీ తేడా కనపడలేదు. కానీ వేదిక మీద స్వీడన్‌కి కుర్చీ వెయ్యలేదు.

ఈ కథలో నాకు కొత్తగా తోచిందేమీ లేదు. గ్రహణం రోజున కడుపుతో ఉన్నామె కత్తి పట్టుకుంటే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. ఎక్కడ తిరిగినా వేలు తిరిగి తల్లి మీదికే రావాలి. 1950లు, 60లలో అమెరికా మేధావులు తల్లి ప్రేమ చల్లబడి బిడ్డకు ఆటిజం వచ్చిందన్నారు, ఆ తల్లులకు 'ఫ్రిజ్ తల్లులు' అని పేరు పెట్టారు. 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు ఒక వైద్య పత్రికలో పన్నెండు మంది పిల్లలను చూపించి టీకా మీదికి నెట్టాడు. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. అప్పటికే, వేలు పట్టుకుని టీకాకి తీసుకెళ్లిన తల్లులు పన్నెండేళ్లు ఏడ్చారు. ఇప్పుడు జ్వరం మాత్ర. అమ్మమ్మకి పరిశోధన నిధులు ఎవరూ ఇవ్వలేదన్నదొక్కటే తేడా.

మా పిన్ని కూతురు డాలస్ దగ్గర ఉంటుంది, కొడుక్కి ఆటిజం. 22వ తేదీ అర్ధరాత్రి దాటకముందే తెనాలి నుంచి వాళ్ల అత్తగారి ఫోను. "వాడు కడుపులో ఉన్నప్పుడు నీకు జ్వరమొచ్చింది చూడు, అప్పుడేం మాత్ర వేసుకున్నావే?" ఇరవై రెండేళ్ల కిందటి జ్వరం. నాకు చెబుతూ చెల్లెలు నవ్వింది. "వేసుకున్నానో లేదో గుర్తు లేదన్నయ్యా. కానీ ఇప్పుడు రోజూ వేసుకుంటున్నా, తలనొప్పికి."

ఆ తలనొప్పికి కారణం వేరు. అక్కడ ప్రత్యేక విద్య చట్టం బడిని ఇరవై రెండు నిండేదాకా బాధ్యుణ్ణి చేస్తుంది. ఆ తర్వాత పసుపుపచ్చ బస్సు రాదు. అక్కడి తల్లిదండ్రులు దీన్ని 'కొండ అంచు' అంటారు, మెట్లు లేవు కాబట్టి. మా మేనల్లుడికి మాటలు తక్కువ, టైము పట్టింపు ఎక్కువ. పొద్దున్న ఆరూ యాభైకి బ్యాగు తగిలించుకుని, ఎడమ భుజం పట్టీని రెండుసార్లు లాగి, డ్రైవ్‌వే చివర చెత్త డబ్బా పక్కన నిలబడాలి. ఆగస్టులో బళ్లు తెరిచిన రోజు అలాగే నిలబడ్డాడు. బస్సు వచ్చింది. రెండిళ్ల అవతల ఆగి, ఇంకో పిల్లను ఎక్కించుకుని, వీడి ముందునుంచే వెళ్లింది. వీడు పట్టీని మళ్లీ రెండుసార్లు లాగాడు. ఏడున్నరదాకా కదల్లేదు.

వీడు పన్ను కట్టకపోవచ్చు, మంత్రిగారు చెప్పింది నిజమే అయివుండొచ్చు. అయితే? పన్ను కట్టనివాడికి ఏడున్నర అవ్వదా?

టెక్సస్‌లో ఇలాంటివాళ్ల ఇంటి దగ్గరి సాయానికి ప్రభుత్వ పథకం ఉంది. దానికి పేర్లు రాయించుకుని పదేళ్లకు పైగా ఆగాలి, లక్ష మందికి పైగా వరసలో ఉన్నారు. ఆ వరసను వెయిటింగ్ లిస్టు అనరు. 'ఇంటరెస్ట్ లిస్టు' అంటారు. అంటే మీకు ఆసక్తి ఉందన్నమాట, చిత్రలేఖనం మీద ఉన్నట్టు. ఇక హెచ్-4 వీసా మీద వెళ్లిన పిల్లలైతే, గ్రీన్‌కార్డు క్యూ కదలక ఇరవై ఒకటి నిండగానే బస్సుకంటే ముందు వీసాయే దింపేస్తుంది. ఆ పిల్లవాడికి ఆటిజం ఉందా లేదా అని ఆ రూలు అడగదు. వివక్ష చూపని రూలు అదొక్కటే.

కానర్ రాసిన ఆ పదకొండు మందిలో మొదటివాడు డొనాల్డ్. మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న పట్నం వాడు. వైద్యచరిత్రలో ఆటిజం అని పేరు పెట్టించుకున్న తొలి మనిషి. 1933లో పుట్టి, దశాబ్దాలపాటు బ్యాంకులో పనిచేసి, కారు నడిపి, రోజూ గోల్ఫ్ ఆడి, ఒంటరిగా దేశాలు తిరిగి 2023లో ఎనభై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు. పన్ను కట్టాడు. బేస్‌బాల్ కాదు గానీ బంతే. ఇంట్లో డబ్బుంది, ఆ బ్యాంకులో వాటా వాళ్లదే, అది దాచాల్సిన పని లేదు. కానీ మిగతా సగం ఆ ఊరు చేసింది. బడిలో పిల్లలు, బ్యాంకులో గుమాస్తాలు, గోల్ఫ్ కోర్సులో ముసలాళ్లు అతన్ని అతనిలాగే ఉండనిచ్చారు. ఎనభై ఏళ్ల జీవితకాలపు పరిశోధన ఆ ఊరి వీధిలో నడుచుకుంటూ తిరిగింది. ఆ ఊరు ఏం చేసింది, ఇంకో ఊరు అది ఎలా చెయ్యగలదు అన్నది ఎలుకకు చెయ్యలేని ప్రయోగం. అది ఆరో ప్రశ్న కిందికి వస్తుంది కాబట్టి ఛాయిస్.

మనం నవ్వక్కర్లేదు. మన దగ్గర ఛాయిస్ గొడవ కూడా లేదు, ప్రశ్నపత్రమే అచ్చు కాలేదు. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం గుర్తించింది, 2016 చట్టం 21 వైకల్యాల్లో చేర్చింది. మధ్యలో జరిగిన 2011 జనాభా లెక్కల్లో దానికి ప్రత్యేకంగా గడే లేదు. ఇరవై రెండేళ్లకు బస్సు ఆగుతుందన్న బాధ మనకు లేదు, బస్సు వస్తేగా. బదులుగా, పద్దెనిమిది నిండిన బిడ్డకు సంరక్షకులుగా ఉండటానికి అనుమతి ఇవ్వండని కన్న తల్లిదండ్రులే జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. ఏప్రిల్ 2న మాత్రం లోటు చెయ్యం. పెద్ద పెద్ద భవనాలకు నీలం లైట్లు వేస్తాం. మూడున నీలం బల్బులు పెట్టెలో పెట్టి, ఎలుకలు కొరక్కుండా పైన అట్ట కప్పుతాం.

చెల్లెలు రెండు వారాలు చూసింది. మేనల్లుడు రోజూ ఆరూ యాభైకి నిలబడటం మానలేదు. ఇప్పుడు తనే ఏడింటికి కారు తీసి వాణ్ణి ఎక్కించుకుంటోంది. బస్సు తిరిగే సందులన్నీ అదే వరసలో తిరిగి, ఎక్కాల్సిన పిల్లల ఇళ్ల ముందు ఒక్కో నిమిషం ఆగి, స్కూలు గేటు అవతల రెండు నిమిషాలు నిలబెట్టి, ఇంటికి తెస్తోంది. వెనక సీట్లో వాడు పట్టీ రెండుసార్లు లాగుతాడు, అంతే, రోజు సర్దుకుంటుంది. తర్వాత ఆమె ఆఫీసుకి లాగిన్ అవుతుంది. పదకొండు మైళ్లట. ఆ గ్యాసు ఖర్చు ఏ నంబరు ప్రశ్న కింద రాసుకోవాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.