రెండో వైపు

నేను గ్రామఫోను ప్లేటుని. పది అంగుళాల వెడల్పు, నిమిషానికి 78 చుట్లు, వైపుకి మూడు నిమిషాల పైచిలుకు పాట. యాభైల్లో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను చూసి ప్లాస్టిక్ అనుకుంటారు గానీ నాది లక్క ఒళ్లు. చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కలో రాతిపొడి, మసి కలిపి, వేడి మీద అచ్చు గుద్దుతారు. ఆ లెక్కన ఏటికొప్పాక బొమ్మలకి నేను దాయాదిని. వినైల్ వాళ్లు నా తర్వాతి తరం. వాళ్లు చెయ్యి జారినా బతుకుతారు, నేను ముక్కలవుతాను.

రాతిపొడి సూదిని అరగదీస్తుంది కాబట్టి వైపుకో కొత్త సూది వెయ్యాలి. నన్ను కొన్న విజయనగరం మేష్టారు ఒక్క సూదితో వారం లాగించేవారు. ఇప్పుడు నా గొంతులో వినిపించే బరబర ఆయన పొదుపే.

నాలో ఉన్నది ‘పుష్పవిలాపం’. పద్యాలు కరుణశ్రీ గారివి, గొంతు ఘంటసాల గారిది. ఆ గొంతు తయారైంది మేష్టారి ఊళ్లోనే. 1919లో పెట్టిన సంగీత కళాశాల, మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ఫిడేలు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రాడికి పట్రాయని సీతారామశాస్త్రి గారు చదువు చెప్పారు. కుర్రాడు జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకున్నాడు. ఆయనకి అన్నం పెట్టామని చెప్పుకోని వీధి విజయనగరంలో లేదు. మేష్టారి తల్లీ అదే చెప్పేది. వీళ్లందరి మాటా నిజమైతే ఆయన ఆకలిపడ్డ కథ అబద్ధం కావాలి.

సాయంత్రం మేష్టారు మిషనుకి కీ ఇచ్చేవారు. మొదటి వైపు అయిపోగానే పాట ఆగిపోయేది, కథ మాత్రం సగంలో ఉండేది. ఎవరో ఒకరు లేచి నన్ను తిప్పాలి. అసలు నేను చెప్పదలచుకున్నది ఆ కాస్త వ్యవధి గురించే. అందులో మేష్టారి భార్య కొంగుతో కళ్లు ఒత్తుకునేది. ముసలావిడ ‘ఏటే గుంటా, మెల్లగా తిప్పు, పగిలిపోద్ది’ అని మనవరాలిని కసిరేది. పక్కింటావిడ గోడ మీంచి ‘అయిపోయిందేటి?’ అని అడిగేది. పూలని తుంచొద్దని నాలో పూలే మొరపెట్టుకుంటే కన్నీళ్లు పెట్టుకున్న ఆ ఇల్లాలే, తెల్లారకుండా సజ్జ పట్టుకుని నందివర్ధనాలు కోసేది. నాకేం కోపం లేదు. దేవుడికి మాత్రం పువ్వులు వద్దా?

1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయారు. తర్వాత ఆయన భగవద్గీత ఎల్పీ వచ్చింది. గుడి మైకులోనూ అదే, చావు జరిగిన ఇంట్లోనూ అదే. నన్ను అటక మీదకి ఎక్కించారు. ఆనక క్యాసెట్లొచ్చాయి. ఒక వేసవిలో ఇల్లు ఖాళీ చేస్తూ నన్ను, మరికొన్ని ప్లేట్లని కలిపి స్టీలు సామాన్లవాడికి ఇచ్చి ఒక గిన్నె తీసుకున్నారు. చిన్న గిన్నె కూడాను.

శ్రీకాకుళంలో నన్ను పట్టుకున్నాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ప్లేట్లు పోగుచేసేవాళ్లు సాధారణంగా గీతల్లేనివీ, అరుదైనవీ వెతుకుతారు. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు చిన్నప్పుడు పాడిన ప్లేటు దొరికితే వాళ్లకి రాత్రి నిద్ర ఉండదు. మా ఆయన తీరు వేరు. లేబులు మీద ఇంటివాళ్లు ఏదైనా రాసుకున్న ప్లేటే ఆయనకి కావాలి. పెళ్లి కానుక, తారీఖు, మైకుసెట్టువాడు పెయింటుతో వేసిన నంబరు, ఏదైనా సరే. నా లేబులు మీద వంకర అక్షరాల్లో ఒక ఆడపేరు ఉంది. దాని గురించి ఆయన రిజిస్టరులో అరపేజీ కథ రాసుకున్నారు: కొత్త పెళ్లికూతురు, భర్త ఇచ్చిన బహుమతి, వగైరా.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు చచ్చిపోయాయి. కీ ఇచ్చే మిషనుకి కరెంటుతో పనేముంది? వీధి పిల్లలంతా చేరారు. ఒకడు మిషను చుట్టూ తిరిగి ‘చార్జింగు ఎక్కడ పెడతారు తాతా?’ అన్నాడు. మొదటి వైపు ఆగగానే ‘సిగ్నల్ పోయింది’ అని తీర్పు చెప్పాడు.

ఆమధ్య రాజాం నుంచి ఒకావిడ వచ్చింది. మేష్టారి కూతురట. ఒకప్పుడు నన్ను తిప్పిన గుంట. జుట్టు పూర్తిగా నెరిసింది. లేబులు చూసి నవ్వేసింది.

‘ఇది మాయమ్మ రాత కాదన్నయ్యగారూ. నేను ఒకటో తరగతిలో నా పేరు గోడల మీదా, తలుపుల మీదా, దీని మీదా రాసేశాను. నాన్న వీపు చీరేశారు కూడా.’

ఆయన రిజిస్టరు తీసి అరపేజీనీ అడ్డంగా కొట్టేశారు. తీసుకెళ్లమ్మా అన్నారు. ‘మా ఇంట మిషనేదండీ? ఇక్కడే ఉండనీండి’ అంది. నన్ను పెట్టించుకుని ఫోనులో రికార్డు చేసుకుంది, చెల్లెలికి పంపాలట. మొదటి వైపు అయిపోయింది. ఆయన తిప్పడానికి లేస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

‘ఒక్క నిమిషం. ఇప్పుడు మా మామ్మ తిట్టాలి.’